గట్టు వెనక తడి

ఒక కుంటకి ఎండ్రకాయ రాజు. రాజన్నాక కోట ఉండాలి కదా, గట్టు నిండా బొరియలు తవ్వుకుంది. కుంటలో నీళ్లు తగ్గుతున్నకొద్దీ "మీవల్లే" అంటే "మీవల్లే" అని పచ్చకప్పలూ మట్టిరంగు కప్పలూ కొట్టుకునేవి. కొట్లాట ముదిరినప్పుడల్లా రాజు గట్టెక్కి, డెక్కలెత్తి, "పక్క కుంటవాళ్లు మన నీళ్లు దోచుకుంటున్నారు!" అని అరిచేది.

ఈ గొడవల మూలమేమిటో తేల్చాలని ఓ ముసలి తాబేలుకి పట్టుదల. మెల్లగా నడిచి పక్క కుంటకే వెళ్లి చూసింది. అక్కడా నీళ్లు అడుగంటాయి. అక్కడా కప్పలు కొట్టుకుంటున్నాయి. గట్టు మీద ఇంకో ఎండ్రకాయ ఇటువైపే డెక్క చూపిస్తోంది.

తాబేలు తిరిగొచ్చి కప్పలన్నిటికీ చెప్పింది. "మన నీళ్లు ఎవరూ దోచుకోవడం లేదు. రాజుగారి బొరియల్లోంచే కారిపోతున్నాయి. గట్టు వెనక తడి ఉంది, వచ్చి చూసుకోండి."

కప్పలు గట్టు వైపు కదిలాయి.

రాజు కోప్పడలేదు. "పక్క కుంటకి వెళ్లొచ్చారన్నమాట. ఇంతకీ తాబేలుగారూ, మీరు నీళ్లవాళ్లా, నేలవాళ్లా?" అని మాత్రం అడిగింది.

కప్పలు ఆగిపోయాయి. పచ్చవీ మట్టిరంగువీ మొదటిసారి ఒక్కటై, జవాబు కోసం తాబేలు వైపు తిరిగాయి.

గట్టు వెనక తడి ఇంకాస్త పాకింది.