సుద్దగీత

ముప్పై ఏళ్లుగా టైలరమ్మకు ఒకటే సందేహం. ఎనిమిదేళ్ల కూతురు ఆ రోజు మేనమామ గురించి చెప్పింది నిజమా, అబద్ధమా? రోజూ దేవుణ్ణి అడిగేది. ఆయన జవాబు చెప్పేలోపే దండం పెట్టేసి లేచిపోయేది.

ఇవాళ ఆ కూతురు రాసిన నవల కుట్టుమిషను మీద ఉంది. రేపు అచ్చుకు వెళ్లాలి.

గుమ్మంలోనే కూతురు ఆగిపోయింది. పైనున్న కాగితం మీద నీలం సుద్దగీత. అమ్మ గీత గీసిందంటే అక్కడ కత్తెర పడాల్సిందే.

“చదివావా అమ్మా?”

“దాగుడుమూతల దగ్గర ఆగాను.”

ఆ అధ్యాయంలో మామయ్య ఆట పేరు చెప్పి పాపను సామాన్ల గదిలోకి తీసుకెళ్లి గడియ వేస్తాడు. ఆ తర్వాత పాప ఇంకెప్పుడూ దాక్కోదు. రాత్రి దీపం ఆర్పనివ్వదు.

“అది కథే కదమ్మా...”

“కథకు కాళ్లుండవంటారు. దీనికి మన సామాన్ల గది తలుపు కూడా ఉందే, కీచుమనే చప్పుడుతో సహా.”

కూతురు తల దించుకుంది. “మామయ్య ఇప్పుడు లేడు. పరువు పోతుందంటే మానేస్తాను. నువ్వు ఒప్పుకోకుండా అచ్చుకివ్వను. ఎంత తీసేయమంటావ్? అధ్యాయం మొత్తమా?”

“కొలత చూడకుండానే కత్తెర తీస్తావేంటే? గీత ఎక్కడుందో చూడు ముందు.”

కూతురు వంగి చూసింది. మామయ్య ఉన్న వాక్యాల మీద ఒక్క గీత లేదు. అడుగున, చివరి వాక్యం మీద ఉంది. ‘అమ్మ పాపను గుండెకు హత్తుకుని, నువ్వు అబద్ధం చెప్పలేదు తల్లీ, అంది.’

“ఇదా? నీ గురించి మంచిగా రాసిందే ఇదొక్కటి కదమ్మా!”

“నేను చదివినంతలో అబద్ధం కూడా ఇదొక్కటే. నేను కొట్టాను. నోర్మూసుకోమన్నాను. అది రాయి.”

“పోనీలే అమ్మా. నవల్లోనైనా ఆ పాపకు ఆ మాట దక్కనీ.”

టైలరమ్మ లేచింది. సుద్ద అంటిన చేత్తో, ఆ రోజు కొట్టిన చెంపనే మెల్లగా నిమిరింది.

“ఆ తలుపు చప్పుడు నేనూ విన్నానే. ఆటేలే అనుకున్నాను. నువ్వు అబద్ధం చెప్పలేదు తల్లీ.”