వాల్వుకి అడ్డం రేకు

"టార్చి కాస్త కిందికి పట్టు పెద్దాయనా. మా మొహాలు చూసింది చాల్లే" అన్నాడు ఇలియాస్, జీపు బానెట్లోంచి తల ఎత్తకుండా.

ముసలాయన టార్చి దించాడు.

ఆయనెవరో ఇలియాస్‌కీ తెలియదు, జీపు సొంతదారు ప్రసన్నకుమార్‌కీ తెలియదు. చిలకలూరిపేట బైపాసు పక్కనున్న ఇలియాస్ షెడ్డుకి పొద్దున్నే మోపెడ్ తోసుకుంటూ వచ్చి ప్లగ్గు చూడమన్నాడు. జీపు పని అయ్యేదాకా కుదరదంటే సరేనని పాత టైరు మీద కూర్చున్నాడు. ఊరికే కూర్చున్న మనిషే కదా అని చేతికి టార్చి ఇచ్చారు.

మిర్చికి రేటు పలికిన ఏడాది ప్రసన్నకుమార్ ఆ జీపు కొన్నాడు. నాలుగు చక్రాలూ లాగే డీజిల్ బండి, నల్లరేగడి బురదలో కూడా దర్జాగా చేలోకి పోవచ్చని అందరికీ చెప్పుకున్నాడు. పోవడం రెండుసార్లు పోయాడు. రెండుసార్లూ ట్రాక్టరు కట్టి బయటికి లాగారు.

అంతవరకూ భార్య బిందుమాధవి ఓర్చుకుంది.

ఈమధ్య కల్లంలో బండి స్టార్టు చేస్తే గొట్టంలోంచి నల్లపొగ లేచి, పట్టాల మీద ఎర్రగా ఆరిన మిరపకాయల మీద మసి పరిచింది. ఆవిడ బట్టలు సర్దుకుని చీరాల పుట్టింటికి వెళ్ళిపోయి, అక్కణ్ణుంచి ఫోను చేసింది. ఆ బండి మన వాకిలి వదిలిన రోజు చెప్పు, వస్తానంది.

పది రోజులైంది. పొయ్యి వెలిగించడం చేతకాని ప్రసన్నకుమార్ మూడు పూటలా హోటలు ఇడ్లీలే తింటున్నాడు.

చివరికి మంగళగిరి నుంచి కొనే పార్టీ ఒకడు దొరికాడు. సాయంత్రం నాలుగింటికి షెడ్డుకే వచ్చి చూస్తానన్నాడు. ఈలోపు పొగ ఆగాలి.

ఇంజన్ వదిలిన పొగలో కొంత మళ్ళీ ఇంజన్లోకే తిప్పే వాల్వు ఒకటుంది. దానికి అడ్డంగా రేకు బిగించేస్తే పొగ తగ్గుద్ది, లాగుడు పెరుగుద్ది, అరగంట పని అన్నాడు ఇలియాస్.

అప్పుడు ముసలాయన నోరు విప్పాడు.

"రేకెందుకు బాబూ. మసి పట్టి వాల్వు బిగుసుకుంది, అంతే. విప్పి కడిగితే ఆడుద్ది. ఇంజన్ మంచిదే."

కడగాలంటే మధ్యాహ్నం దాకా పడుద్దని ఇలియాస్ విసుక్కున్నాడు.

"ఇదేమన్నా ఉంచుకునే బండా" అన్నాడు ప్రసన్నకుమార్. "నాలుగింటి నుంచి నాలుగున్నర దాకా పొగ రాకపోతే చాలు."

"మరి కొన్నవాడి గతి?"

"వాడి గతి వాడు చూసుకుంటాడు. నువ్వు టార్చి చూసుకో."

రేకు కొలతకి అట్ట కావాల్సొచ్చింది. బండిలో ప్రసన్నకుమార్ బావమరిది పెళ్ళికార్డు దొరికింది. దాన్ని వాల్వు మూతి మీద పెట్టి ఇలియాస్ చుట్టూ సుత్తితో తట్టాడు. పెళ్ళికూతురి పేరు మీద గుండ్రంగా మసి అచ్చు పడింది. ఆ అచ్చు ప్రకారం స్టీలు రేకు కోసి, మధ్యలో పెట్టి బోల్టులు బిగించాడు.

కనీసం దాని నడుమ చిన్న బెజ్జమన్నా వెయ్యకపోతే డాష్‌బోర్డులో ఇంజన్ లైటు వెలుగుద్దన్నాడు ముసలాయన.

"సొంత మోపెడ్‌కి ప్లగ్గు చూసుకోలేడు గానీ, జీపుకి వైద్యం చెప్తన్నాడన్నా" అన్నాడు ఇలియాస్.

ఈ పది రోజుల్లో మొదటిసారి ప్రసన్నకుమార్ కడుపుబ్బా నవ్వాడు.

బండి స్టార్టు చేశారు. పొగ లేదు. డాష్‌బోర్డులో పసుప్పచ్చ లైటు మాత్రం వెలిగింది.

ముసలాయన టార్చి ఆర్పి బల్ల మీద పెట్టాడు.

ప్రసన్నకుమార్ బండంతా వెతికాడు. బిందుమాధవి ఎప్పుడో అద్దానికి అంటించి మర్చిపోయిన నల్ల బొట్టుబిళ్ళ కనపడింది. పీకి ఆ లైటు మీద అంటించాడు. కొలిచి చేయించినట్టు సరిపోయింది.

తర్వాత ఇలియాస్ మోపెడ్ ప్లగ్గు విప్పి చూశాడు. దానికి ఏ రోగమూ లేదు. రెండు తన్నులకే స్టార్టయింది.

ఇంకా బోలెడు టైముంది, ఇప్పుడైనా విప్పి కడగండి బాబూ అని ముసలాయన మరోసారి బతిమాలినట్టే అడిగాడు.

"నువ్వు ముందు బయల్దేరు" అన్నాడు ప్రసన్నకుమార్. "పార్టీ వచ్చేసరికి నువ్విక్కడ కనపడొద్దు. నీ నోరు ఊరుకునేట్టు లేదు."

ఆయన తుండుగుడ్డ దులుపుకుని వెళ్ళిపోయాడు.

నాలుగింటికి కారులో పార్టీ దిగాడు. పేరు శ్రీకృష్ణ. ఏదో ఆఫీసులో పని చేస్తాడట, బూట్లకి దుమ్ము కూడా లేదు. టైరుని ఒకసారి కాలితో తన్ని చూశాడు. రంగు బాగుందన్నాడు. బైపాసు మీద ఒక రౌండు కొట్టొచ్చాడు. బొట్టుబిళ్ళ వైపు చూడనే లేదు. ఇలాంటివాళ్ళు రోజుకొకడు దొరికితే చాలని ఇలియాస్ కళ్ళతోనే అన్నాడు.

చీరాలకి చేద్దామని ప్రసన్నకుమార్ ఫోను తీశాడు.

అంతలో శ్రీకృష్ణ ఫోనే మోగింది. అవతలివాళ్ళు చెప్పిందానికి ఊ, ఊ అంటూ విన్నాడు. చివర "అట్టాగే" అని పెట్టేసి, తాళంచెవి తెచ్చి ప్రసన్నకుమార్ చేతిలో పెట్టాడు.

"ఏమండీ, నచ్చలేదా?"

"నాకు బాగా నచ్చిందండీ. కానీ నాకు బండ్ల సంగతి బొత్తిగా తెలీదు" అన్నాడు శ్రీకృష్ణ మొహమాటంగా. "ఇంజన్ మంచిదే, వాల్వు కడిగుంటే కళ్ళు మూసుకుని కొనమనేవాణ్ణి, కడక్కుండా రేకేశారు కాబట్టి వెనక్కి చూడకుండా వచ్చెయ్ అని ఇప్పుడే ఫోనులో అన్నారు. అదేనండీ, ముప్పై ఏళ్ళు బస్సు డిపోలో డీజిల్ ఇంజన్లు విప్పి బిగించిన మా మేనమామ యలమందయ్యగారు, బండి చూసి చెప్పమని నేనే మోపెడ్ మీద మీ దగ్గరికి పంపించిందీ ఆయన్నే."