గుట్ట మీది ఊరు

“ఏయ్, ఆ గోడ మీది చెయ్యి తియ్యి!”

జలపతిరావు కేకకు కోట దర్వాజ పక్కన నిలబడ్డ మనిషి ఉలిక్కిపడ్డాడు. నెరిసిన గడ్డం, భుజాన గొంగడి.

“ఇక్కడేం పని నీకు?”

“ఏం లేదు సారూ. ఊకెనే వచ్చిన.”

“ఊకెనే వచ్చుడేంది? మీ అసొంటోళ్లతోనే కోట ఖరాబైతుంది. జరుగు.”

ఆ మనిషి జలపతిరావు ముఖంలోకి ఒకసారి తేరిపార చూశాడు. పక్కకు జరిగాడు.

రాచగుట్ట కోటంటే జలపతిరావుకు ప్రాణం. కరీంనగర్‌లో చరిత్ర పాఠాలు చెప్పి రిటైరయ్యాక కోట పరిరక్షణ సంఘం పెట్టాడు. ఇవాళ మనుమరాలు శ్రేయకు చూపించాలని వెంట తెచ్చుకున్నాడు.

“గీ గోడలకు సున్నం లేదు బిడ్డా, రాయి మీద రాయే. రెండువేల ఏండ్ల కింద గుట్ట మీద పెద్ద ఊరుండె. గవి గాదెలు. గా గుహలల్ల సచ్చినోళ్లను పెట్టేటోళ్లు.”

“ఇప్పుడెవ్వరుండరా తాతా?”

“ఉండరు. చూసేటోళ్లే వస్తరు.”

అంతలో పైన ఏదో గుయ్యిమంది. కాబోయే పెళ్లిజంట ఫొటోల కోసం ఎవరో ఎగరేసిన డ్రోన్. అది పోయి పోయి బురుజుకు వేలాడుతున్న తేనెపట్టుకు తగిలింది.

తేనెటీగలు నల్లమబ్బులా లేచాయి.

“ఉరుకుండ్రి! ఉరుకుండ్రి!”

జలపతిరావు ఉరికాడు. కళ్లు మూసుకుని, చేతులు ఊపుకుంటూ ఉరికి ఒక గాదెలో దూరాడు. దూరాక గాని తెలియలేదు, చేతిలో మనుమరాలి చెయ్యి లేదని.

బయట శ్రేయ కేక. ఆ తర్వాత అదీ వినిపించలేదు.

బయటికి పోదామనుకున్నాడు. ఇంకా లోపలికే ముడుచుకున్నాడు.

రొద తగ్గాక పాక్కుంటూ వచ్చి చూశాడు. నేల మీద గొంగడి. దాని మీద బోర్లా పడి ఉన్నాడు ఆ మనిషి. పక్కకు వాలిన ముఖం గుర్తుపట్టరానంత వాచిపోయింది.

“తాతా!”

గొంగడి కింది నుంచి శ్రేయ బయటికొచ్చింది. చెంప మీద ఒకే ఒక్క కాటు.

అతను మాత్రం లేవలేదు. అంబులెన్సు ఆస్పత్రి చేరేలోపే ప్రాణం పోయింది.

పేరు పరశురాములట. సాయంత్రానికి అతని భార్య సత్తమ్మ ఆస్పత్రికి వచ్చింది. ఏడ్చి ఏడ్చి గోడకు ఒరిగిపోయింది.

జలపతిరావు చేతులు జోడించాడు.

“అమ్మా, నీ పెనిమిటి దేవుడసొంటోడు. నేను గద్దరిచ్చినా మనసుల పెట్టుకోలే. నేనెవరో గూడ తెల్వకుంట నా మనుమరాలి పానం కాపాడిండు.”

సత్తమ్మ తలెత్తి చూసింది. ఆ చూపులో కోపం లేదు.

“తెల్వక కాదు సారూ. కోర్టుల మిమ్ముల చూసి గుర్తువెట్టుకున్నడు. మీరు కేసేసి పోయినేడు గుట్ట మీదికెల్లి తీపిచ్చిన ఇండ్లల్ల మాదొకటి.”