సోమవారం కాగితం

"అసలు సర్వర్‌లోంచి వద్దమ్మా. రాత్రి తీసిన నకలు ఆ పాత కంప్యూటర్‌లో తెరిచి, అందులోంచి ఇవ్వు."

మూర్ఛ రోగుల క్లినిక్‌లో రికార్డులు చూసే అమ్మాయి తల పట్టుకుంది.

ప్రతి సోమవారం ఇదే వరస. ఆ పెద్దాయనకు భార్య మందుల చీటీ కావాలి. అదీ నకలులోంచే కావాలి.

అక్కడ మూడు వందల మంది రోగులు. ఒకరి మోతాదు మరొకరికి పనికిరాదు. ఆ వివరాలన్నీ క్లినిక్ తన వెనక గదిలో సొంతంగా నడుపుకునే సర్వర్‌లో ఉంటాయి. రాత్రికొక నకలు దానంతటదే తయారవుతుంది. తెరిచి చూడాలంటే మాత్రం గంట పని.

"నీ చుట్టం వచ్చాడు, పీట వెయ్యి," అంది నర్సు.

"చుట్టం కాదక్కా, చెవిలో జోరీగ."

ఒక సోమవారం ఆమెకు విసుగొచ్చి, అసలు సర్వర్‌లోంచే ప్రింటు తీసి చేతిలో పెట్టింది.

ఆయన కాగితం అడుగున చూశాడు.

"ఇవాళ్టి తేదీ ఉందేమ్మా? నకలైతే నిన్నటిది ఉండాలి."

"తాజాది ఇస్తే తప్పా తాతగారూ? అయినా నేను చేరి ఏడాదైంది, ఆవిడ మందు ఒక్కసారీ మారలేదు."

"ఇక మారదమ్మా," అన్నాడాయన, కాగితం మడుస్తూ.

ఆయన్ని లోపలికి పంపవద్దని ఆమె వాచ్‌మన్‌కు చెప్పింది. మూడు సోమవారాలు ఆయన గేటు దగ్గర నిలబడి వెళ్లాడు. నాలుగో సోమవారం రాలేదు.

చీటీ విషయంలో మాటామాటా వచ్చిన ఆ వారంలోనే ఆమె రికార్డులను కొత్త డిస్కులోకి మార్చింది. నకలు తీసే ప్రోగ్రామ్‌కు కొత్త చోటు చూపించడం మరిచింది. అది పాత చోటికే వెళ్లి, ఖాళీ ఫోల్డరును ప్రతి రాత్రీ శ్రద్ధగా నకలు తీసింది. ఉదయాన్నే తెర మీద పచ్చటి టిక్కు వెలిగేది.

ఒక్కసారి తెరిస్తే తెలిసేది. తెరవమని అడిగేవాళ్లు లేరు.

మూడు నెలల తరువాత ఒక ఉదయం కొత్త డిస్కు చచ్చిపోయింది.

"నకళ్లున్నాయిగా?" అన్నాడు ఈ మధ్యే చేరిన డాక్టరు.

"రోజూ తీస్తున్నాం సార్."

ముప్పై రోజుల నకళ్లున్నాయి. ముప్పై తెరిచింది. ముప్పైలోనూ ఏమీ లేదు. అంతకు ముందువి వాటంతటవే చెరిగిపోయాయి.

కౌంటర్ దగ్గర ఒక తల్లి పిల్లను భుజాన వేసుకుని నిలబడింది.

"పొద్దుటి నుంచి రెండుసార్లు ఫిట్స్ వచ్చాయమ్మా. పోయిన నెల మోతాదు మార్చారు, చీటీ ఎక్కడో పోయింది. ఎంత వెయ్యమంటారు?"

ఆమె పాత కంప్యూటర్ దగ్గరికి పరుగెత్తింది. పెద్దాయన కోసం చివరిసారి తెరిచిన నకలు అందులో అలాగే ఉంది. పిల్ల పేరు దొరికింది; మోతాదు పాతది.

"ఇది చూసి వేస్తే ప్రమాదం," అన్నాడు డాక్టరు. "పిల్లను చేర్చుకుని రక్తపరీక్ష చేద్దాం. మిగతా వాళ్లందరికీ ఫోన్లు చెయ్యండి. ఇంతకీ ఇదొక్కటీ ఎలా మిగిలింది?"

ఆమె దాచకుండా చెప్పింది.

"ఎవరాయన?"

ఫోన్ నంబరు కోసం ఆమె ఆయన భార్య రికార్డు తెరిచింది. ఏడాదిగా ప్రింటు తీసింది మందుల పేజీ ఒక్కటే. మొదటి పేజీ ఎన్నడూ చూడలేదు.

'మరణం: పదకొండేళ్ల కిందట. సర్వర్ పాడైనందున మోతాదు అంచనా మీద ఇవ్వబడినది.'

దాని కింద ఇంకొక వాక్యం ఉంది: 'నకలు రోజూ తీశాను, ఒక్కనాడూ తెరిచి చూడలేదు.'

ఆ వాక్యం రాసింది రోగి భర్త; పేరు పక్కన హోదా, ఆమె ఇప్పుడు కూర్చున్న కుర్చీదే.