తాతమ్మ ఇంటి ఫిరంగి గుండు

పంతొమ్మిది వందల అరవై ఎనిమిదో సంవత్సరం. బొబ్బిలి కోట మీద ఫిరంగి పేల్చిన తన పూర్వీకుడి పేరు కోసం జగన్నాధం మేష్టారు రెండేళ్లుగా ఊళ్లు తిరుగుతున్నాడు. ఆ పేరు తాతమ్మ అనే ముసలామెకి తెలుసని సాలూరు లారీ డ్రైవరొకడు చెప్పాడు. ఆ ఫిరంగి దెబ్బకి ఆమె ఇంటివాళ్లు ఏడుగురు పోయారని కూడా చెప్పాడు. అందుకే ఆమె ఇంటి గడపలోనే మేష్టారు తన ఇంటిపేరు మార్చి చెప్పాడు.

చీకటి పడింది. ముసలమ్మ బుడ్డిదీపం పట్టుకుని లోపలిగదిలోకి తీసుకెళ్లింది. పీట మీద పసుపు పూసిన ఇనపగుండు ఉంది.

"కత వినీవోలు ముందు దీని మీద సెయ్యెయ్యాల, బావూ. మా ఇంటి ఆచారం."

"ఎందుకు మామ్మా?"

"పైవోలకి సల్లగుంటాది. ఆ ఫిరంగోడి వొంశానికి మాత్రం ఆ రోజున్నట్టే ఉంటాది. రెండొందల ఏళ్ల బట్టి సూస్తన్నాం. ఒక్కడూ రాలేదు."

జగన్నాధం లోలోపల నవ్వుకుని చెయ్యి వేశాడు. అరచెయ్యి చుర్రుమంది. పళ్లు బిగపట్టి, చెయ్యి తియ్యకుండా, "చల్లగానే ఉంది," అన్నాడు.

పసుపు మాడుతున్న వాసన మెల్లగా లేచింది. ఇంట్లో ఇంకెవరూ లేరనుకున్నాడు గాని, వెనక ఎవరో తలుపు గడియ వేశారు.

"పేరు సెప్తాను," అంది ఆమె, దీపం దగ్గరికి తెచ్చి. "ముందు ఆ సెయ్యి ఇలా సూపించు, బావూ."