కాంటెస్సా అద్దాలు

"అద్దాలు దించుకుంటే పోయేదానికి ఏసీ ఎందుకమ్మా? ఆ డొక్కు కారు అమ్మిపారేయక!" అన్నాడు గౌతమ్, పొద్దుటి నుంచి అంటున్న మాటే మళ్లీ.

"దించుకోవడం కుదరదు. ఏసీ బాగవ్వాలి, అంతే." మంగతాయారు పప్పుగిన్నె ఠపీమని బల్లమీద పెట్టింది.

వడ్డిస్తున్న ధనశ్రీకి ఆశ్చర్యంగా ఉంది. నోరు తెరిచి చీరైనా అడగని అత్తగారు ఈ ఏసీ దగ్గర మాత్రం మంకుపట్టు పట్టింది. పక్కన మామగారు కామరాజు తలెత్తకుండా అన్నం కలుపుకుంటున్నాడు.

నాచారం ఫ్యాక్టరీలో ఉద్యోగం చేసే రోజుల్లో ఆయన మోజుపడి కొన్న కాంటెస్సా అది. రోజూ సాయంత్రం భార్యాభర్తలిద్దరే అందులో కాప్రా చెరువు దాకా వెళ్లొస్తారు. ఈ వేసవిలో ఏసీ చల్లబరచడం మానేసినా అద్దాలు బిగించుకునే వెళ్లారు. ముఖాలు కందిపోయి, చెమటతో ముద్దయి తిరిగొచ్చారు.

"గట్లుండాలె మొగడు పెండ్లాలంటే! గన్నేండ్ల సంది సూస్తున్న బిడ్డా, ఆ ఇంట్లకెల్లి ఒక్క మాట బయటికి రాలే. జర నువ్వు గూడ నేర్సుకో" అని ఎదురింటి మల్లవ్వ ధనశ్రీకి కాపురానికి వచ్చిన కొత్తలోనే చెప్పింది.

నేర్చుకుందామనే చూసింది ధనశ్రీ. కానీ కిందటివారం ఉప్పల్‌లో తను ఇదివరకు పాఠాలు చెప్పిన స్కూలు నుంచి మళ్లీ రమ్మని ఫోనొస్తే, గౌతమ్ ఎత్తి "తను రాదండీ" అని పెట్టేశాడు. "ఎవర్నడిగి చెప్పావ్?" అని ఆమె గొంతు లేచిందో లేదో, అత్తగారు గుమ్మంలో ప్రత్యక్షమైంది.

"తప్పమ్మా. ఈ ఇంట్లో గొంతులు లేవవు. మేమిద్దరం మాటామాటా అనుకోవడం ఎప్పుడైనా విన్నావా?"

వినలేదు. ఒక్కనాడూ వినలేదు. ఆ రోజు నుంచి ధనశ్రీ పళ్ల బిగువున కోపం మింగుతోంది. చపాతీ కర్రతో పిండిని అణుస్తూ, తనే గయ్యాళిదేమోనని తనను తానే తిట్టుకుంటోంది.

అత్తగారు ఏసీ కోసం పట్టుబట్టిన మర్నాడు ఉప్పల్ నుంచి మెకానిక్ ఉప్పలయ్య వచ్చి బానెట్ ఎత్తాడు.

"దీంట్లది పాత గ్యాసమ్మా. గిప్పుడు దొరుకుతలేదు. కొత్త గ్యాస్ ఎక్కియ్యాలంటే లోపలి పాత ఆయిలంత కడగాలె, సీళ్లు, పైపులు, కంప్రెసర్ అన్నీ మార్చాలె."

"మార్చు."

"అమ్మా! నీకేమైనా పిచ్చా?" అన్నాడు గౌతమ్.

"నువ్వు నోర్మూసుకో" అంది మంగతాయారు. ఆ మాట కూడా గొంతు పెంచకుండానే అంది.

కారు బాగయి వచ్చిన సాయంత్రం ఇద్దరూ బయల్దేరారు. వెళ్లినంతసేపు పట్టలేదు, తిరిగొచ్చేశారు. ఉప్పలయ్యకు వెంటనే కబురు వెళ్లింది.

"చల్లగా ఉంటుందన్నావ్. ఏదయ్యా?"

"బండి ఉరుకుతుంటే మస్తు సల్లగుంటదమ్మా. ఆగితేనే జర తక్వ. ముంగట వేడి గుంజే జాలీ పాత గ్యాస్ కోసం జేసింది, కొత్తదానికి సాలదు."

"మాకు ఆగినప్పుడే కావాలి!"

గౌతమ్ పకపకా నవ్వాడు. "షికారుకెళ్లి ఆగడమేమిటమ్మా? ఆగినా చెరువు పక్కన గాలికేం కరువు?"

మంగతాయారు కొడుకును కాల్చేసేలా చూసింది. కామరాజు పేపరు ముఖానికి మరింత దగ్గరగా పెట్టుకున్నాడు.

"పెద్ద జాలీ వెయ్యి."

"ఈ బండికి పట్టదమ్మా. గింతకంటే సల్లగ నాతోని గాదు" అని ఉప్పలయ్య పానాలు సర్దుకున్నాడు.

ఆ సాయంత్రం కారు కదల్లేదు. వంటింట్లోకి మంచినీళ్లకొచ్చిన గౌతమ్ ఇంకా నవ్వుతూనే ఉన్నాడు. "చూశావా అమ్మ వరస? ఈ వయసులో ఏసీ షికార్లు!"

ధనశ్రీకి ఒళ్లు మండిపోయింది.

"చూశాను. ఆవిడ చల్లగాలి కోసం కారంతా విప్పించినా మీ నాన్న అడ్డు చెప్పలేదు. నా ఉద్యోగం సంగతి నన్ను ఒక్క మాట అడగడానికి నీకు నోరు రాలేదు!"

"నెమ్మది! అమ్మ వింటుంది."

"విననీ! మల్లవ్వ కూడా విననీ! నా తరపున 'రాదు' అని చెప్పడానికి నువ్వెవరు?"

గిన్నెలు అదిరేలా అరిచిందని అరిచాకగానీ ఆమెకు తెలియలేదు. తలుపు దగ్గర అత్తగారు నిలబడి ఉంది. ఇన్నేళ్ల ఇంటి పరువు తన నోటితో పోయింది. ఇక బట్టలు సర్దుకుని అన్నోజిగూడలోని పుట్టింటికి వెళ్లడమే మిగిలిందనుకుంది. అయినా చెప్పిన మాట వెనక్కి తీసుకోబుద్ధి కాలేదు.

"ఇద్దరూ హాల్లోకి రండి" అంది మంగతాయారు.

కామరాజు అప్పటికే కుర్చీలో బిగుసుకుని కూర్చున్నాడు. మంగతాయారు కొంగుతో చేతులు తుడుచుకుంది. కోడలిని పక్కన కూర్చోబెట్టుకుంది.

"ముందు నువ్వు ఆ స్కూలుకి ఫోన్ చేసి తప్పు ఒప్పుకోరా. కారు అమ్మేద్దాం" అంది నిదానంగా.

గౌతమ్ తెల్లబోయాడు. "మరి సాయంత్రాలు మీ ఇద్దరి సంగతి?"

కామరాజు గొంతు సవరించుకుని, కిటికీలోంచి బయటికి చూస్తూ అన్నాడు.

"ఇకనుంచి మేమూ ఇంట్లోనే పోట్లాడుకుంటాం."