పెద్ద తల గోల్ఫ్ కర్ర

"తల మరీ ఇంత పెద్దదేంటయ్యా?" గోల్ఫ్ కర్రను ఊపి చూస్తూ అడిగింది సౌఫాంగ్.

"కళ్ళు ఆననివాళ్ళకి ఇదే నయం అక్కా. బంతి తప్పిపోదు. ధరా తక్కువే," అన్నాడు కొట్టు యజమాని క్వోక్.

"పోయినేడు నీ దగ్గర కొన్న కర్ర అందినప్పట్నుంచీ మా ఆయన నాకు వీపు తిప్పే నిలబడుతున్నాడు. పిలిచినా పలకడు. ఎన్నడూ ఇంతలా అలగలేదు."

క్వోక్ ఆమె చేతులకేసి చూశాడు. "ఎడమ చేతివాటంగా ఊపుతున్నారేంటి?"

"ఆయన అలాగే ఊపేవాడు. నాకు తెలిసింది అదే."

"అయ్యో! నేనిచ్చింది కుడిచేతి వాళ్ళది. దాంతో ఆడాలంటే అటు తిరగాల్సిందే కదా!"

అతను కర్రకున్న కాగితం తలను ఊడదీసి, ఇటు తిప్పి, జిగురు రాసి అంటించాడు.

"ఆరాక సమాధి దగ్గర కాల్చి పంపండి. పోయినవాళ్ళ కోసం కాల్చే కాగితపు వస్తువులన్నీ అందినట్టే ఇదీ ఆయనకి అందుతుంది. ఈ రాత్రి కల్లో మీ వైపే తిరిగి ఉంటాడు."

సౌఫాంగ్ గబగబా జుట్టు సర్దుకుంది.